నిన్నటి పొగమంచు: ఒక మాజీ పోలీసు, ఒక గాయని

డిటెక్టివ్ నవల అనగానే మన పెద్దలలో చాలామందికి ఒక చిన్నచూపు ఉన్నది. బస్సులో కాలక్షేపానికి చదివి, దిగేటప్పుడు సీటు మీద వదిలివేయదగిన సరుకని వారి అభిప్రాయం. తెలుగులో ఆ మాట రాగానే కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరూ, అతని అసిస్టెంటు రాజూ కళ్ల ముందు నిలుస్తారు. చిక్కుముడి పడుతుంది, విప్పుతారు, దోషి దొరుకుతాడు, పాఠకుడు దీపం ఆర్పి నిద్రపోతాడు. ఆ నవలలను మేము తక్కువ చేయటం లేదు. ఎందరికో తెలుగు చదవటం అలవాటు చేసిన పుస్తకాలవి. పెద్ద పెద్ద కావ్యాలు చేయలేని పని అవి చేశాయి. అయితే ఇప్పుడు మేము పాఠకుల ముందు పెట్టబోయే నవల వేరే జాతికి చెందినది. ఇందులోనూ హత్య ఉన్నది, పరిశోధన ఉన్నది, చివరకు దోషి ఎవరో తెలుస్తుంది. కాని దీపం ఆర్పిన తరువాత కూడా అది మనల్ని వదిలిపెట్టదు.

రచయిత పేరు లియోనార్దో పదూరా. క్యూబా రాజధాని హవానాలో, మంతీయా అనే పేటలో 1955లో పుట్టినవాడు. నవల పేరు స్పానిష్‌లో 'లా నెబ్లీనా దెల్ అయేర్', అనగా నిన్నటి పొగమంచు. 2005లో వెలువడింది. స్పానిష్‌లో వచ్చే అపరాధ పరిశోధన నవలలకిచ్చే హామెట్ బహుమతి మరుసటి ఏడు దీనికి లభించింది. ఫ్రెంచిలో 'లే బ్రూమ్ ద్యు పాసే' అనీ, ఇంగ్లీషులో 'హవానా ఫీవర్' అనీ అనువాదాలున్నవి. మన మారిషస్‌లో ఫ్రెంచి హాయిగా చదవగలవారే ఎక్కువ కనుక మేము ఆ అనువాదాన్నే ముందు సూచిస్తాము. ఇంగ్లీషువారు పెట్టిన పేరు మాకు రుచించలేదు. పొగమంచు ఎక్కడ, జ్వరం ఎక్కడ!

ఎక్కడో అట్లాంటిక్ అవతలనున్న దీవి నవలకు మన పత్రికలో చోటెందుకని అడిగే పాఠకులుండవచ్చు. అదీ మన దీవి వంటిదే. చెరకు కోసం మనుషులను ఓడలలో తెచ్చుకున్న దీవి. మన పూర్వులు కోరంగి రేవులో ఓడ ఎక్కుతున్న ఆ కాలంలోనే, 1847 నుండి 1874 వరకు, లక్ష మందికి పైగా చైనావారిని ఎనిమిదేళ్ల ఒప్పందాల మీద హవానాకు దించారు. అక్కడ నల్లవారి బానిసత్వం పూర్తిగా పోయింది 1886లో మాత్రమే. అయినా ఇది చెరకు తోటల నవల కాదు. ఇందులో గానుగ తిరగదు, కొరడా మోగదు. మేము దీనిని ఎంచుకున్న కారణం వేరు. పోయిన కాలాన్ని ప్రేమించటం మంచిదేనా, ఆ ప్రేమకు ఎవరు ఖరీదు చెల్లిస్తారు అన్న ప్రశ్నను ఈ నవల ఒక హత్య కేసుగా మార్చి విచారించింది. మనబోటి జనానికి ఆ విచారణ అవసరం.

కథలోకి పోయే ముందు ఈ బాణీ గురించి రెండు మాటలు. షెర్లాక్ హోమ్స్ తరహా కథలలో లోకం శుభ్రంగానే ఉంటుంది. ఎక్కడో ఒక మరక పడుతుంది, తెలివిగలవాడు వచ్చి దానిని తుడిచిపోతాడు. 1920ల తరువాత అమెరికాలో డాషియెల్ హామెట్, రేమండ్ చాండ్లర్ వంటివారు మరొక దారి తీశారు. దానికి హార్డ్‌బాయిల్డ్ అని పేరు. హామెట్ స్వయంగా పింకర్టన్ డిటెక్టివ్ కంపెనీలో పని చేసినవాడు కనుక లోగుట్టు తెలిసినవాడు. వీరి కథలలో మరక బట్ట మీద లేదు, నూలులోనే ఉంది. ధనికుడూ, పోలీసూ, జడ్జీ అంతా కలగలిసి ఉంటారు. డిటెక్టివు కరకుగా మాట్లాడతాడు, తాగుతాడు, దెబ్బలు తింటాడు; లోపల మాత్రం వెన్నపూస. అతనికి దక్కని స్త్రీ ఎవరో ఒకరుంటారు.

ఈ బాణీ క్యూబాకు చేరటానికి చాలా కాలం పట్టింది. 1970లలో అక్కడ పోలీసు శాఖను నడిపే మంత్రిత్వశాఖే డిటెక్టివ్ నవలల పోటీలు పెట్టి బహుమతులిచ్చేది. అటువంటి పోటీకి వచ్చే నవలలో పోలీసు తప్పు చేయడు. తప్పు చేసేవాడు ఎప్పుడూ దేశద్రోహియో, శత్రువుల గూఢచారియో అయి ఉంటాడు. బహుమతి ఇచ్చేవాడే కథానాయకుడైతే కథ ఎలా ఉంటుందో పాఠకులు ఊహించుకోవచ్చు. పదూరా సృష్టించిన మారియో కోందే ఆ గోడకు మొదటి బీట. ఇతడు పోలీసు లెఫ్టినెంటే, కాని రచయిత కావాలని కలలు కన్నవాడు. తన శాఖలోని కుళ్లును వాసన పట్టి వాంతి చేసుకునేవాడు. మొదటి నవల 1991లో సొంత దేశంలో కాక మెక్సికోలో అచ్చయింది. ఋతువుకొకటి చొప్పున నాలుగు నవలలు రాసి, 1998లో వచ్చిన నాలుగవ దానిలో కోందే చేత ఉద్యోగానికి రాజీనామా ఇప్పించాడు పదూరా. ఆ కథలన్నీ 1989లో నడుస్తాయి.

'నిన్నటి పొగమంచు' మొదలయ్యేది 2003లో. మధ్యలో పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లే నవలకు పునాది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవటంతో క్యూబాకు నూనె ఆగింది, తిండి ఆగింది, రాత్రిపూట దీపాలు ఆగిపోయాయి. ప్రభుత్వం దానికి 'ప్రత్యేక కాలం' అని ముద్దుపేరు పెట్టింది. ఆ ప్రత్యేక కాలంలో జనం ఉంగరాలు అమ్మారు, కుర్చీలు అమ్మారు, తరువాత పుస్తకాలు అమ్మారు. తాతముత్తాతలు కూర్చిన బీరువాలు బియ్యానికీ, సబ్బుకూ మారిపోయాయి. ఉద్యోగం వదిలిన మన కోందేకు అదే జీవనోపాధి అయింది. వీధి వీధీ తిరిగి పాత పుస్తకాలు కొనటం, వాటిని డాలర్లున్న వారికి చేర్చే వ్యాపారికి ఇవ్వటం. అతని భాగస్వామి యోయీ అనే కుర్రవాడు, 'పావురం' అని మారుపేరు. పుస్తకం చదవడు గాని దాని ధర వాసన చూసి చెప్పగలడు.

ఇక్కడే పదూరా చాలామంది డిటెక్టివ్ నవలాకారులను దాటిపోయాడని మా అభిప్రాయం. రిటైరైన పోలీసు అంటే సాధారణంగా గుర్రపు పందేలలో ఓడినవాడో, కుక్కను పెంచుకునేవాడో, పాత కేసు ఒకటి తలచుకుని కుమిలేవాడో అవుతాడు. ఈ మాజీ పోలీసు చేస్తున్న పని మాత్రం అతని మనస్సాక్షికే ఒక కేసు. అతడు పుస్తకాలను ప్రేమించేవాడు. పొట్టకోసం వాటిని ఇళ్ల నుండి ఊడబెరికేవాడు కూడా అతడే. ఎదుటివాడి ఆకలి ఎంత ఎక్కువైతే తనకు పుస్తకం అంత చవకగా దొరుకుతుంది. ఈ సంగతి అతనికి తెలుసు. తెలిసీ వెళతాడు.

అలా వెళ్లిన ఒక పగలు, వెదాదో అనే పాత శ్రీమంతుల పేటలో, పెచ్చులూడిన ఒక మహల్ తలుపు తడతాడు. లోపల వృద్ధాప్యంలో పడిన అన్నాచెల్లెళ్లు, దియోనీసియో, అమాలియా. వారితో పాటు మంచం పట్టి మతి తప్పిన తల్లి. ఆ ఇల్లు ఒకప్పుడు మోంతెస్ దె ఓకా వంశానిది. విప్లవం వచ్చాక యజమాని అల్సీదెస్ దేశం విడిచి పోయాడు. ఆయన దగ్గర పని చేసిన ఈ కుటుంబం ఇంటికి కాపలాగా మిగిలింది. ఆ ఇంటిలో మూడు తరాలు కూర్చిన గ్రంథాలయం ఉన్నది. నలభై ఏళ్లకు పైగా ఒక్క పుస్తకం కూడా కదలలేదు. ఇప్పుడు కడుపులు కాలి అమ్మటానికి సిద్ధపడ్డారు.

ఆ గదిలో కోందే చేసే మొదటి పనిని పాఠకులు గమనించాలని మనవి. పుస్తకాలను రెండుగా విభజిస్తాడు. ఒకటి, అమ్మదగినవి. రెండవది, ఎంత ధర పలికినా దీవి దాటి పోకూడనివి. రెండవ గుట్టను తాను ముట్టుకోనంటాడు. గ్రంథాలయానికే అమ్ముకోమని ఆ అన్నాచెల్లెళ్లకు చెబుతాడు. పావురం తల పట్టుకుంటాడు. ఆకలిగా ఉన్న మనిషి, అప్పులున్న మనిషి, పోలీసు బిళ్ల లేని మనిషి, ఎవరూ అడగకుండానే తన నోటి ముందున్న కబళాన్ని పక్కన పెట్టటం! తుపాకీ పేలని ఈ ఘట్టం మాకు నవలలోని తక్కిన సాహసాలన్నిటికంటె పెద్దదిగా తోచింది.

ప్రసంగవశాన ఒక సంగతి. క్యూబా పాత పుస్తకాల వర్తకులు కళ్లకద్దుకునే పుస్తకాలలో 'లోస్ ఇంహేనియోస్' ఒకటి. 1857లో హవానాలో వెలువడింది. పేరున్న చక్కెర మిల్లులనన్నిటినీ లాప్లాంత్ అనే చిత్రకారుడు రాతి అచ్చు మీద గీసిన బొమ్మలు అందులో ఉన్నవి. బొమ్మలు అందమైనవే, అనుమానం లేదు. ఆకాశానికి తాకే పొగగొట్టాలు, తీర్చిన దారులు, తాటిచెట్లు. మనుషులు మాత్రం చీమలంత. మిల్లు యజమానికి కావలసినది యంత్రం బొమ్మ గాని పనివాడి ముఖం కాదు. అటువంటి పుస్తకాన్ని కాపాడాలా అంటే, కాపాడాలనే మేము అంటాము. ముఖం లేకపోయినా మనిషి అక్కడ నిలబడి ఉన్నాడనటానికి ఆ చీమంత గీతే సాక్ష్యం.

ఇక కథ. పాత వంటల పుస్తకం ఒకటి తిరగేస్తుండగా, దాని మధ్య మడిచి పెట్టిన పత్రిక కాగితం కోందే చేతిలో పడుతుంది. బంగారు జిలుగు గౌనులో ఒక గాయని ఫొటో. పేరు వియోలేతా దెల్ రియో. కీర్తి శిఖరాన ఉండగానే ఆమె పాడటం మానుకుంటున్నదని 1960 నాటి ఆ పత్రిక రాసింది. ఆ తరువాత ఆమె ఏమైంది? ఎవరికీ తెలియదు. సంగీతం మీద పుస్తకాలు రాసేవారికి కూడా ఆమె పేరు తెలియదు. ఒకే ఒక రికార్డు దొరుకుతుంది. ఒక వైపు 'వేతె దె మీ', రెండవ వైపు 'మె రెకోర్దరాస్'. ఈ రెండు పాటలూ నిజంగా ఉన్నవే. మొదటిది అర్జెంటీనాకు చెందిన ఎక్స్‌పోసితో సోదరులది, రెండవది క్యూబావాడైన ఫ్రాంక్ దొమింగెస్‌ది. నవల పేరు కూడా మొదటి పాటలోని పదాలే. నవలకు రెండు భాగాలుండటం, వాటికి ఈ రెండు పాటల పేర్లుండటం కూడా అందుకే. రికార్డు తిప్పి వేసినట్లు కథను తిప్పి వేశాడు రచయిత.

ఈ పాటలను బొలేరో అంటారు. పంతొమ్మిదవ శతాబ్దం చివర క్యూబా తూర్పు కొసనున్న సాంతియాగోలో పుట్టిన ప్రేమగీతాల పద్ధతి అది. గిటారు మీదనో పియానో మీదనో నెమ్మదిగా, చెవిలో చెప్పినట్లు పాడేది. 1950లలో హవానా నైట్‌క్లబ్బులకు అది ఊపిరి. ఆ క్లబ్బుల పక్కనే మేయర్ లాన్‌స్కీ వంటి అమెరికన్ ముఠా నాయకుల జూదపు హోటళ్లుండేవి. బతిస్తా ప్రభుత్వం వారికి తలుపులు బార్లా తెరిచింది. 1958 డిసెంబరు 31 రాత్రి బతిస్తా పారిపోయాడు, క్లబ్బుల వైభవం కొద్ది ఏళ్లలో ముగిసింది. కథలోని అల్సీదెస్ ఈ రెండు లోకాలకూ చెందినవాడు: పెద్ద ఇంటి బిడ్డ, లాన్‌స్కీతో లావాదేవీలున్నవాడు, వియోలేతాను ప్రేమించినవాడు.

తెలుగువారికి పోయిన ప్రేమ అనగానే గుర్తుకు వచ్చేది దేవదాసు. 1953 నాటి ఆ సినిమా వచ్చిన తరువాత మనకు వేరే కొలబద్ద లేకుండా పోయింది. దేవదాసు తాగుతాడు, పాడతాడు, పార్వతి గుమ్మం ముందు చనిపోతాడు. చూసినవారు ఏడుస్తారు, ఏడ్చినందుకు కొంత తృప్తి కూడా పడతారు. కోందే కూడా తాగుతాడు, దేవదాసుకు ఏమీ తీసిపోడు. తేడా ఒక్కటే. ఇతడు తెల్లవారగానే లేచి, తల పగిలిపోతున్నా సరే, ఎవరినో ఒకరిని అడగటానికి బయలుదేరుతాడు. ఆమె అసలు పేరేమిటి? ఏ ఊరి పిల్ల? ఎవరు ఆమెను పాడవద్దన్నారు? ఎలా చనిపోయింది? తాను ఎన్నడూ చూడని, తన బాల్యంలోనే మరణించిన స్త్రీ గొంతుతో ప్రేమలో పడ్డాడతడు. తన తండ్రికీ ఆ గొంతుకూ కూడా ఏదో ముడి ఉన్నదని మెల్లగా తెలుసుకుంటాడు. కాని ప్రేమ పేరు చెప్పి కళ్లు మూసుకోడు. ప్రేమించాడు కనుకనే విచారణ చేస్తాడు.

ఆ విచారణ మధ్యలో దియోనీసియో హత్య జరుగుతుంది. ఇంటిలోకి పోయి వచ్చిన పరాయివారు కోందే, పావురమే కనుక అనుమానం వారి మీదికే పోతుంది. ఒకప్పుడు తన కింద పని చేసిన మనోలో ఇప్పుడు అధికారి. పాత గురువును ఆ హోదాలోనే ప్రశ్నించవలసి వస్తుంది. ఇద్దరి మధ్య ఆ మొహమాటాన్ని పదూరా ఎంతో బాగా పట్టుకున్నాడు. బిళ్ల ఉన్నంత కాలం తలుపు తీయమంటే తీసేవారు. ఇప్పుడు గుమ్మంలో నిలబడి బతిమాలాలి. పాత జర్నలిస్టు దగ్గరకు, పాత నాట్యకత్తె దగ్గరకు పోతాడు, కూర్చుంటాడు, వింటాడు. ముసలివారు ఒక్కసారిగా చెప్పరు. ఒక రోజు కొంత, మరొక రోజు కొంత. భయం నలభై ఏళ్ల తరువాత కూడా గొంతులో అడ్డు పడుతూనే ఉంటుంది. అధికారం పోయిన తరువాతనే కోందే నిజమైన పరిశోధకుడయ్యాడని మాకనిపించింది. వినవలసి వచ్చింది కనుక.

అతడు పాత హవానా గొంతు వెంట తిరుగుతుండగా, కొత్త హవానా అతని దవడ పగలగొడుతుంది. అతారెస్ అనే బీదల వాడలోకి పోయినప్పుడు ఇది తన నగరమేనా అని బిత్తరపోతాడు. మత్తుమందులు, కత్తులు, చట్టం అడుగు పెట్టని సందులు. అక్కడ చావుదెబ్బలు తింటాడు. 1950ల జిలుగు గౌను గురించి కలలు కనే మనిషిని రచయిత పట్టుకుని 2003 మురికి కాలువలో పడవేశాడు. ఈ అధ్యాయం కొందరికి కథకు అడ్డమనిపించవచ్చు. మాకు అదే కీలకమనిపించింది. నిన్నను గురించి తీయగా కలవరించేవాడికి నేడు ఎదురుగా వచ్చి కొట్టే దెబ్బ అది.

కథ మధ్య మధ్య కొన్ని ఉత్తరాలు వస్తాయి. సముద్రం దాటి పోయిన ప్రియుడికి ఒక స్త్రీ రాసినవి. జవాబు జాడ లేదు. మొదట చదివేటప్పుడు విరహమే. మూడవదీ నాలుగవదీ వచ్చేసరికి ఆ విరహంలో ఏదో పులుపు తగులుతుంది. ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నది మేము చెప్పము, చెబితే పాఠకుల పట్ల అన్యాయం. ఇంత మాత్రం చెప్పవచ్చు. ఈ నవలలో ప్రేమ పోగొట్టుకున్నవారు ఒకరు కాదు. అందులో ఒకరు తమ పోయిన ప్రేమను పదిలంగా, పూజాగదిలా తాళం వేసి కాపాడారు. ఆ తాళం వేసిన గదిలోనే నేరం పెరిగింది. కదలని గ్రంథాలయం, మూసిన మహల్, మతి తప్పిన తల్లి, ఇవి మొదటి అధ్యాయంలో జాలి పుట్టిస్తాయి. పుస్తకం ముగించి వెనక్కు తిరిగి ఆ అధ్యాయం చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

మన సంగతి ఒకసారి ఆలోచించుకుందాం. మన సభలలో, మన భజన గోష్ఠులలో తాతలనాటి పాటలున్నవి. అర్థం తెలిసినవారు తగ్గారు, పాట మాత్రం నిలిచింది. ఆ పాట విని కన్నీరు పెట్టుకోవటం సులభం. ఆ పాట తెచ్చిన అవ్వ ఎవరు, ఏ ఊరినుండి ఏ ఓడలో వచ్చింది, ఏ తోటలో దిగింది, ఎవరు ఆమెను ఏమన్నారు అని అడగటం కష్టం. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆనాటి వలస రిజిస్టర్లున్నవి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ, కొందరికి ఫొటో కూడా. గుమాస్తా చెవికి వినిపించినట్లు రాసిన ఆ వంకర స్పెల్లింగుల మధ్య మన ఇంటి పేరు వెదుకుతూ వెళితే గౌరవప్రదమైన సంగతులే దొరుకుతాయన్న హామీ లేదు. పారిపోయినందుకు జైలు, మరొక తోటలో మరొక భార్య, చెప్పకుండా దాచిన కులం కూడా దొరకవచ్చు. ఇంటిలోని పెద్దలు కొందరు 'ఎందుకొచ్చిన గొడవ' అంటారు. కోందేకు కూడా ప్రతి ఇంటిలో అదే మాట వినిపించింది.

నవలకు లోపాలు లేకపోలేదు. మొదటిది, వియోలేతా. ఇన్ని వందల పేజీలలో ఆమె గురించి మాట్లాడనివారు లేరు. ఆమె తన గురించి మాట్లాడినది మాత్రం అతి స్వల్పం. ఆమె అందం, ఆమె గౌను, ఆమె గొంతు, అన్నీ మగవారి కళ్లతో మగవారి చెవులతో అందినవే. ఈ బాణీ నవలలన్నిటికీ ఉన్న జబ్బు ఇది. పదూరా అంతటి రచయిత కూడా వదిలించుకోలేకపోయాడు. కోందే ఆమె అసలు పేరు కనుక్కుంటాడు, ఆమెకు న్యాయం చేస్తాడు, కాని ఆమె పాడుతున్నప్పుడు ఏమనుకునేదో మనకు తెలియకుండానే పుస్తకం ముగుస్తుంది. రెండవది, ఉత్తరాల భాష. తీపి ఎక్కువ. ఉద్దేశపూర్వకంగానే బొలేరో ధోరణిలో రాశాడని వాదించవచ్చు. అయినా ఒకటి రెండు తగ్గించి ఉంటే దెబ్బ ఇంకా గట్టిగా తగిలేది. మూడవది, ముగింపులో ముడులన్నీ ఒకేసారి విడిపోవటం. అంత ఓపికగా నడిచిన కథ చివర పరుగెత్తింది.

కాని ఈ లోపాలను మరపించే సంతోషాలు చాలా ఉన్నవి. కోందే మిత్రబృందం అందులో ఒకటి. అంగోలా యుద్ధంలో నడుము విరిగి చక్రాల కుర్చీకి అంటుకుపోయిన కార్లోస్‌ను, ఇప్పుడు బండరాయంత లావైనా, చిన్ననాటి అలవాటు కొద్దీ అందరూ 'సన్నోడా' అనే పిలుస్తారు. అతని తల్లి హోసెఫీనా, రేషను కార్డు మీద పప్పు కూడా సరిగా దొరకని ఆ ఊరిలో, రాజుల విందుకు సరిపోయే వంటలు వండి పెడుతుంది. ఎక్కడినుండి తెస్తుందని ఎవరూ అడగరు, రచయితా చెప్పడు. మొదట ఇది అసంభవమనిపించింది. తరువాత తోచింది, ఆకలితో ఉన్న రచయిత రాసుకున్న కల అది. వడ్డించిన ప్రతి గిన్నె పేరూ పాఠకుడికి నోరూరేలా చెబుతాడు. ఈ బృందంలో ఒకడు దేశం విడిచి అమెరికాకు పోయాడు; అతని ఖాళీ కుర్చీ గురించి వీరు మాట్లాడుకునే తీరు వలస పోయినవారి పిల్లలమైన మనకు మరొక వైపు నుండి వినిపిస్తుంది. మన ఊళ్లలో మిగిలిపోయినవారు మనవాళ్ల గురించి ఇలాగే మాట్లాడుకుని ఉంటారు కదా.

పాత నాలుగు నవలలు చదవకుండా దీనిని చదవవచ్చునా అని అడిగితే, చదవవచ్చు. పోయినవారి ప్రస్తావనలు కొన్ని అందవు, అంతే. తరువాత కావాలంటే వెనక్కు పోవచ్చు. 2016లో ఆ నాలుగింటిని టెలివిజన్ కథలుగా తీశారు, కోందేగా హోర్హె పెరుగొర్రియా నటించాడు. బాగానే ఉన్నవి గాని పుస్తకంలోని ఆ నెమ్మది వాటిలో లేదు. ఒక్క మనవి. ఉత్తరాలు కథకు అడ్డు వస్తున్నవని పేజీలు తిప్పివేయవద్దు. వాటిని దాటవేసిన పాఠకుడికి చివరి అధ్యాయంలో కోందే ఆ ఇంటి గుమ్మంలోనే అంతసేపు ఎందుకు నిలబడిపోయాడో అర్థం కాదు.